క్రోమ్ తోలుకి అంచు మెరుపు రాదు: కొత్తగా పర్సులు కుడుతున్నవారికి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. చెన్నై క్రోమ్‌పేటలో ఉంటున్నారు. ఆన్‌లైన్‌లో నలభై వస్తువుల కిట్ ఒకటి కొన్నారు, పెరియమేట్ వెళ్ళి ఒక ముక్క తోలు తెచ్చుకున్నారు, కార్డు పర్సు కుట్టారు. అంచుల్ని ఎంత రుద్దినా పీచు లేస్తోందే తప్ప నునుపు రావడం లేదు. కుట్టు ముందువైపు ఏటవాలుగా చక్కగా వచ్చింది, వెనకవైపు మాత్రం వంకరటింకరగా పోయింది. అతికించిన పొరలు నాలుగు రోజులకే విడిపోయాయి. ఇంకా ఖరీదైన పనిముట్లు కొంటే బాగుపడుతుందా అని మీ ప్రశ్న.

పనిముట్లు తర్వాత చూద్దాం, ముందు తోలు మార్చండి. కోసిన అంచు మధ్యలో లేత నీలం కలిసిన బూడిదరంగు గీత కనిపిస్తోందని మీరే రాశారు. అది క్రోమ్ తోలు గుర్తు. మీరుంటున్న పేటకి ఆ పేరు వచ్చిందే అక్కడ ఒకప్పుడు నడిచిన క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్ల. ఆ తోలుతోనే మీకు ఇబ్బంది రావడం తమాషాగానే ఉంది.

పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చడానికి, అంటే పదును చేయడానికి, ముఖ్యంగా రెండు దారులున్నాయి. క్రోమియం లవణంతో చేస్తే ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. మెత్తగా, సాగుతూ, నీళ్ళకి తట్టుకునే తోలు వస్తుంది. చెప్పుల పైభాగాలు, జాకెట్లు, సోఫాలు, బజార్లో దొరికే హ్యాండ్‌బ్యాగుల్లో చాలా వరకు ఇదే. చెట్ల బెరడు, కాయల కషాయంతో చేస్తే వారాలు పడుతుంది. కషాయంలోని టానిన్ తోలు పోగుల మధ్య ఖాళీల్లోకి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ఆ తోలు బరువుగా, గట్టిగా ఉంటుంది. తడిపి రుద్దితే పోగులు ఒకదానికొకటి అణిగి, ఆరాక అలాగే నిలబడిపోతాయి. మనం అంచుకి మెరుపు తేవడమంటే చేసేది ఇంతే. క్రోమ్ తోలు పోగులు స్ప్రింగులాంటివి. ఎంత నొక్కినా వదలగానే లేస్తాయి. అందుకే మీ గంటల కష్టం పీచుగా మిగిలింది.

కాబట్టి మీకు కావాల్సింది ఈ బెరడు తోలు. దానికి కొట్లో అడగాల్సిన మాట ‘వెజ్’. తమిళంలోనూ తోలుని తోల్ అనే అంటారు కాబట్టి పెరియమేట్‌లో భాష పెద్ద అడ్డు కాదు. ‘వెజ్ ట్యాన్ క్రస్ట్’ అంటే రంగు, పూత వేయని బెరడు తోలు. సెంట్రల్ స్టేషన్ నుంచి దగ్గరే, సిడెన్‌హామ్స్ రోడ్, వేపేరి హై రోడ్ చుట్టుపక్కల కొట్లలో దొరుకుతుంది. మన దక్షిణాది తయారీ ఒకటుంది, ఈఐ లెదర్ అంటారు, పూర్తి పేరు ఈస్ట్ ఇండియా లెదర్. సంప్రదాయంగా తంగేడు చెక్కతో పదును చేసి, కరక్కాయతో ముగించేవారు. తంగేడుని ఇక్కడ ఆవారం అంటారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు చెట్టే అది, పదునుకి వాడేది దాని బెరడు. ఈ తోలు పలచగా, లేత గోధుమరంగులో ఉంటుంది. పర్సు అరలకి, లైనింగ్‌కి, పుస్తకాల అట్టలకి బాగా కుదురుతుంది. కానీ ఒక జాగ్రత్త: ఈఐ తోలునే మళ్ళీ క్రోమ్‌లో వేసి ‘సెమీ క్రోమ్’గా కూడా అమ్ముతారు. దానికి అంచు అరకొరగానే మెరుస్తుంది.

కొట్లో నిలబడి చేసే పరీక్షలు సులువు. కోసిన అంచు చూడండి. వెజ్ అయితే పైనుంచి కిందదాకా ఒకే గోధుమరంగు, క్రోమ్ అయితే మధ్యలో నీలం బూడిద. కాకపోతే రంగు లోపలిదాకా పట్టిన తోలులో ఇది కనిపించదు. వేలు తడిచేసి పూత లేని చోట నొక్కండి. వెజ్ వెంటనే ముదురు రంగుకి తిరుగుతుంది. వాసన కూడా తేడానే: వెజ్ తోలుకి బెరడు, కషాయం వాసన ఉంటుంది. సందేహం తీరకపోతే చిటికెన వేలంత ముక్క అడిగి తెచ్చుకుని, మరుగుతున్న నీళ్ళలో ఒక నిమిషం ఉంచండి. వెజ్ ముడుచుకుని గట్టిపడుతుంది, క్రోమ్ దాదాపు అలాగే ఉంటుంది. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్రని మాత్రం ఏ పరీక్షగానూ లెక్కపెట్టకండి. తోలుని రెండుగా చీల్చి తీసిన కింది పొరకి ప్లాస్టిక్ పూత వేసినా ఆ ముద్ర పడుతుంది. గట్టిగా మడిచి చూస్తే పూత పైన ముడతలు కాగితంలా లేస్తాయి, రంధ్రాల గుర్తులు కనిపించవు.

మందం మిల్లీమీటర్లలో అడగండి. విదేశీ వీడియోల్లో ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మి.మీ. కార్డు పర్సుకి పలకలు, అంటే పెద్ద ముక్కలు, 1.0 నుంచి 1.2, కార్డులు పట్టే అరలు 0.6 నుంచి 0.8 చాలు. బెల్టుకి 3.2 నుంచి 3.6. మీరు తెచ్చింది 1.8 అన్నారు. నాలుగు పొరలు పడే చోట అది 7 మి.మీ. అవుతుంది, జేబులో ఇటుక పెట్టుకున్నట్టే. ధర చదరపు అడుగుకి చెబుతారు. తోలు ఎప్పుడూ దీర్ఘచతురస్రంగా రాదు, మచ్చలుంటాయి, గాట్లుంటాయి, కాబట్టి లెక్కకంటే పాతిక శాతం ఎక్కువ తీసుకోండి. పొట్టభాగం వదులుగా సాగుతుంది. బెల్టుని, పర్సు పలకని వీపుభాగం నుంచి, వెన్నుకి సమాంతరంగా కోయండి. రెండు చేతులతో అటూ ఇటూ లాగి చూస్తే ఎటు తక్కువ సాగుతుందో తెలిసిపోతుంది.

కొలతల్లో ఒక చిక్కుంది. బ్యాంకు కార్డు ప్రపంచమంతా ఒకటే, 85.6 × 54 మి.మీ. నోట్లు అలా కాదు. ఇప్పటి ఐదువందల నోటు 150 × 66 మి.మీ., కానీ పాత సిరీస్ వంద నోటు 157 × 73, అది ఇంకా చెల్లుతుంది. కొత్త నోట్లకి సరిపడా గీసిన నమూనాలో పాత వంద తల బయటపెడుతుంది. కుట్టు అంచు నుంచి 3.5 మి.మీ. లోపలికి వేస్తారనుకుంటే మొదటి పర్సుకి ఈ లెక్క పెట్టుకోండి: 98 × 80 మి.మీ. పలకలు రెండు, 98 × 50 మి.మీ. అరలు రెండు. పలకలు వీపులు ఆనించి, ఒక్కోదానికి బయట ఒక్కో అర. మధ్యలో మడిచిన నోట్లు. 98లోంచి రెండు కుట్లకి 7 తీసేస్తే 91, కార్డుకి 5 మి.మీ. పైచిలుకు వదులు. ఎత్తు 80లోంచి 3.5 పోతే 76.5, మడిచిన పాత వంద నోటు 73 కూడా లోపలే. మొత్తం తోలు 255 చదరపు సెంటీమీటర్లు. చదరపు అడుగు అంటే 929 కాబట్టి కాగితం మీద మూడు పర్సులు, నిజంగా కోస్తే రెండు, పైన సాధన ముక్కలు.

కిట్ సంగతి. నలభైలో మీకు పనికొచ్చేవి ఎనిమిదో తొమ్మిదో. చెక్కతో చేసిన అంచు రుద్దే కర్ర, కొలిచి గీసే రెండు మొనల కంపాసు, నైలాన్ సుత్తి ఉంటే ఉంచుకోండి. తిప్పే బ్లేడు, ముద్రలు, గాడి తీసే పనిముట్టు పక్కన పెట్టేయండి. కొనాల్సినవి: 30 డిగ్రీల మొన ఉన్న స్నాప్ కట్టరు (మొద్దుబారిన కొస విరిచేసి వాడుకునే బ్లేడు కత్తి), 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, వజ్రాకారపు పళ్ళున్న కుట్టు ఉలులు రెండు, 1వ నంబరు అంచు చెక్కే ఉలి. కుట్టు ఉలుల్లో ఒకటి రెండు పళ్ళది మూలలకి, ఒకటి నాలుగో ఆరో పళ్ళది తిన్నటి గీతకి. రెండిటికీ పళ్ళ మధ్య దూరం ఒకటే ఉండాలి, 3.85 మి.మీ. పర్సుకి బాగుంటుంది. మన చెప్పులు కుట్టేవాళ్ళ ఆరె అందరికీ తెలిసిందే, కానీ దాని మొన దగ్గర దారాన్ని లాక్కొచ్చేందుకు గాటు ఉంటుంది. ఈ పనికి గాటు లేని మొన కావాలి. ఉలితో పొడిచిన బెజ్జం బిగుసుకుపోయినప్పుడు తెరవడానికే వాడతాం. సూదులు మొన మొద్దుగా ఉన్నవే కొనండి, జాన్ జేమ్స్ 4వ నంబరు లాంటివి. పదునైన సూది దారాన్ని చీలుస్తుంది.

ఇంకో వస్తువు ఏ కిట్‌లోనూ రాదు: గ్రానైట్ పలక. చెన్నైలో ఏ రాతి కొట్లో అడిగినా వంటింటి గట్టు కోయగా మిగిలిన ముక్క ఇస్తారు. ఒక అడుగు పొడవుంటే చాలు. తోలు పలచన చేయడానికి, అంటే స్కైవింగ్‌కి, నున్నటి ఆ పలకే సరైన పీట. దాని కింద మడతపెట్టిన పాత తివాచీ, పైన పాలీ బోర్డు (ప్లాస్టిక్ పలక) వేసి ఉలి కొడితే చప్పుడు కింది ఫ్లాట్‌కి సగమే పోతుంది. బల్ల మధ్యలో కాకుండా బల్ల కాలికి సరిగ్గా పైన వచ్చే చోట కొట్టండి. దెబ్బ వృథా కాదు, పక్కింటివాళ్ళూ ఊరుకుంటారు. ఉలి మొన మాత్రం నేరుగా రాయిని తాకకూడదు, ఒక్క దెబ్బకే వంగుతుంది.

కోసేటప్పుడు మొదటి గీత తేలిగ్గా, దారి చూపడానికి మాత్రమే. తర్వాత రెండు మూడు సార్లు అదే గీతలో. ఒకేసారి బలంగా లాగితే తోలు స్కేలు కింద జరుగుతుంది, అంచు కింద భాగం లోపలికి వాలుతుంది. మూలలకి రూపాయి నాణెం పెట్టి గీసి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఉప్పు కాగితంతో గుండ్రం చేయండి. బ్లేడు పది పదిహేను కోతలకి ఒకసారి విరవండి. బ్లేడుకి పొదుపు చూపిస్తే తోలు పాడవుతుంది.

పర్సు అతికించే ముందే పూర్తి చేయాల్సిన అంచులు నాలుగున్నాయి: రెండు అరల పై అంచులు, రెండు పలకల పై అంచులు. అతికించాక వాటి లోపలికి కర్ర వెళ్ళదు. కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడ జారతారు.

మీ పొరలు విడిపోవడానికి కారణం జిగురు కాదు, తోలు నున్నటి ముఖం. అర వెనకవైపు గరుకు, పలక ముందు ముఖం నునుపు. నునుపు మీద జిగురు పైపైనే పట్టుకుంటుంది. అంచు నుంచి 4 మి.మీ. వెడల్పు గీసుకుని అంత మేర 120 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేయండి. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రెండువైపులా పలచగా రాసి, ముట్టుకుంటే వేలికి అంటనంత వరకు, పది పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత ఒక్కసారే సరిగ్గా ఆనించి, సుత్తి వెనకతో మెల్లగా తట్టండి. తడిగా ఉండగానే అతికిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక జిగురు మెత్తగా మిగిలిపోతుంది. వానాకాలంలో ఇంకో ఇబ్బంది: ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమ దాని మీద పేరుకుంటుంది. జిగురు తెల్లగా మసకబారినట్టు కనిపిస్తే అదే, దాని మీద అతికించకండి, ఆరనివ్వండి. కిటికీ తెరిచి పని చేయండి. దారం కొస కరిగించే లైటరు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తెల్ల ఫెవికాల్ వాడొచ్చా అంటారు. పట్టుకుంటుంది, కానీ ఎండాక పెళుసుగా గట్టిపడి మడత దగ్గర పగులుతుంది.

కుట్టు గీత కంపాసుతో అంచు నుంచి 3.5 మి.మీ. దగ్గర. ఉలి పళ్ళలో ఒకటి అర పై అంచుకి సరిగ్గా పైన పలకలో పడాలి, దాని తర్వాతది అరలో. అప్పుడే ఒక కుట్టు అర మూతిని కావిలించుకుంటుంది, కార్డు లాగిన ప్రతిసారీ పడే బరువు దాని మీదే కదా. ఇది కుదరాలంటే ముందే ఉలిని కొట్టకుండా ఆనించి ఎన్ని బెజ్జాలు వస్తాయో గుర్తులు చూసుకోవాలి. అర మిల్లీమీటరు తేడా వస్తే చివరి నాలుగు బెజ్జాల్లో పంచేయండి, కంటికి తెలియదు. ఉలిని నిట్టనిలువుగా పట్టండి. మీవైపు వాలితే ముందు గీత తిన్నగానే ఉంటుంది, వెనక బెజ్జాలు అంచుకి దగ్గరో దూరమో పోతాయి. మీ వెనక కుట్టు వంకరలో సగం ఇదే అయుండాలి. ప్రతిసారీ మొదటి పన్ను ముందటి చివరి బెజ్జంలో దూర్చి కొట్టండి. మొనలు వెనక 2 మి.మీ. తేలితే చాలు. ఉలి బయటికి తీసేటప్పుడు అటూ ఇటూ ఊపకండి, బెజ్జం సాగిపోతుంది. తోలుని చెక్కముక్కతో అణిచిపట్టి నిలువుగా లాగండి. పళ్ళకి తేనెమైనం రాస్తే సులువుగా వస్తుంది.

ఇక మిగతా సగం వంకర. 3.85 దూరానికి 0.6 మి.మీ. మైనపు పాలిస్టర్ దారం వాడండి. కిట్‌లో వచ్చే 1 మి.మీ. దారం ఆ బెజ్జాల్లో కిక్కిరిసి ఏటవాలుని మింగేస్తుంది. దర్జీ నూలు దారం చెమటకి కుళ్ళుతుంది, వద్దు. పొడవు: కుట్టే గీతకి నాలుగు రెట్లు, పైన సూదులకి 30 సెంటీమీటర్లు. మన పర్సుకి గీత మూడు వైపులా కలిపి సుమారు 26 సెంటీమీటర్లు కాబట్టి 1.35 మీటర్లు. రెండు కొసలకీ చెరో సూది. దారాన్ని కొస నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర సూదితో రెండుసార్లు గుచ్చి వెనక్కి లాగితే ముడి అక్కర్లేకుండా బిగుసుకుంటుంది.

పర్సు ముందు ముఖం మీ కుడిచేతి వైపు ఉండేలా బిగించండి. బిగించే పీట లేకపోతే రెండు చెక్కపలకల మధ్య పెట్టి మోకాళ్ళతో నొక్కిపట్టినా సరిపోతుంది. మీకు దూరంగా ఉన్న కొస నుంచి మీవైపు రండి. ప్రతి బెజ్జంలోనూ ముందు ఎడమ సూది. అది కుడివైపు తేలగానే దాని కిందుగా కుడి సూదిని అడ్డంగా ఆనించి, రెండూ కలిపి పట్టి లాగండి. ఇప్పుడు బెజ్జంలో ఉన్న దారాన్ని ఒక పక్కకి జరిపి, మిగిలిన సందులోంచి కుడి సూదిని ఎడమకి తోయండి. పూర్తిగా లాగేయకముందే మొదటి దారాన్ని ఎడమవైపుకి ఒక అంగుళం వెనక్కి లాగి చూడండి. జారుతూ వస్తే సూది దాన్ని చీల్చలేదన్నమాట. వెనక్కి వచ్చిన ఆ వదులుని సూది మొన మీదుగా పైనుంచి ఒకసారి వేసి, అప్పుడు సూదిని లాగండి. ఈ చిన్న చుట్టే వెనక కుట్టుని ఏటవాలుగా నిలబెట్టేది. ముందునుంచి చూస్తే బెజ్జాలు ఒకవైపు వాలుంటే, వెనకనుంచి చూసినప్పుడు అద్దంలోలా రెండోవైపు వాలుంటాయి. చుట్టు వేయకపోతే వెనక దారం తిన్నగా పడుకుంటుంది. ఒక కుట్టుకి వేసి ఇంకో కుట్టుకి మరిచిపోతే మీకు వచ్చినట్టే వంకర్లు పోతుంది. చివరగా రెండు చేతులూ ఒకే బలంతో, కుడిచేయి కాస్త పైకి, ఎడమచేయి కాస్త కిందికి లాగి బిగించండి. తోలు అణగకూడదు, దారం ఆనితే చాలు.

ముందు ఇరవై బెజ్జాల సాధన ముక్క మీద చేయండి. వెనక ఏటవాలు రాకపోతే చుట్టు కిందనుంచి వేసి చూడండి. ఉలి వాలు ఎటుందన్నదాన్ని బట్టి కొందరికి అదే కుదురుతుంది. ఏది కుదిరితే దానికే కట్టుబడండి. పర్సు మధ్యలో ఫోను మోగితే సూదులు ఏ స్థితిలో ఉన్నాయో చూసి పెట్టుకోండి, తిరిగి వచ్చాక మొదటి కుట్టే తప్పుతుంది. చివర రెండు మూడు కుట్లు వెనక్కి కుట్టి, దారాన్ని 2 మి.మీ. వదిలి కోసి, లైటరు నీలి మంటతో కరిగించి, వెంటనే లోహపు ముక్కతో అణచండి.

అంచుకి ఇప్పుడు వద్దాం. నాలుగు పొరలూ ఒకటిగా కుట్టాక, 220 నంబరు ఉప్పు కాగితం చెక్కముక్కకి చుట్టి, పొరల గీతలు చేతికి తగలకుండా పోయేవరకు రుద్దండి. అప్పుడు 1వ నంబరు ఉలితో అంచుకి అటూ ఇటూ ఉన్న వాడి కోణాల్ని చెక్కండి. తర్వాత 400, 600. వేలి కొసతో నీళ్ళు అద్దండి, కారేంత కాదు. నీళ్ళకి బదులు సీఎంసీ (నీళ్ళలో జిగురులా చిక్కబడే సెల్యులోజ్) పొడి చిక్కగా కలిపి రాస్తే పట్టు ఇంకా బాగుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంకనిచ్చి, ముందు మెల్లగా, తర్వాత వేగంగా కర్రతో. బలం కన్నా వేగం ముఖ్యం, వేడి పుట్టాలి. బలంగా నొక్కితే అంచు పుట్టగొడుగు తలలా పక్కలకి పొంగుతుంది. మళ్ళీ 600, మళ్ళీ తడి, మళ్ళీ కర్ర. రెండో విడతకే గాజులా మారడం మొదలవుతుంది. చివర తేనెమైనం రుద్ది, ముతక ఖద్దరు గుడ్డతో వేడెక్కేలా తోమండి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న క్రోమ్ తోలుని పారేయకండి. దానికి అంచు రంగు వేయాలి: పలచగా ఒక పూత, పూర్తిగా ఆరాక 400తో రుద్దుడు, ఇలా మూడు నాలుగు పూతలు. వానరోజుల్లో ఒక్కో పూతకి రెట్టింపు సమయం ఇవ్వండి, లేకపోతే రెండు పర్సులు ఒకదానికొకటి అంటుకుంటాయి. లేదా అంచుని 0.5 మి.మీ. దాకా పలచన చేసి 8 మి.మీ. లోపలికి మడిచి కుట్టండి. బజార్లో పర్సుల్లో కనిపించేది ఎక్కువగా ఈ పద్ధతే.

నీళ్ళ విషయంలో చెన్నైవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే వెజ్ తోలు మీద నల్లటి నీలి మరకలు వస్తాయి. టానిన్, ఇనుము కలిస్తే సిరా అవుతుంది, పాతకాలపు కరక్కాయ సిరా చేసేది ఇలాగే. బ్లేడు రుద్దాక వేళ్ళకి అంటిన ఇనుప పొడి, చెమట కలిసినా వేలిముద్ర నల్లగా దిగిపోతుంది. తడి తోలు ముట్టేముందు చేతులు కడగండి, క్యాను నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో వాడండి, తడి తోలు మీద ఇనుప స్కేలు వదిలేయకండి. కొత్త మరకకి నిమ్మరసం దూదితో అద్ది, రెండు నిమిషాలకి మంచినీళ్ళతో తుడిస్తే చాలావరకు పోతుంది.

ముద్రలు కొట్టాలన్న సరదా ఉందన్నారు. దానికి తోలులో తడి సరిగ్గా పదునుకి రావాలి, దుక్కికి నేల పదునున్నట్టే. స్పాంజితో రెండువైపులా తడిపి, ప్లాస్టిక్ సంచిలో రెండు మూడు గంటలు ఉంచండి. రంగు తిరిగి లేతబడి, చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంటే అదే సమయం. ముద్ర అడుగున గోధుమరంగు తేలుతుంది. బురదలా మెత్తగా దిగిపోతే తడి ఎక్కువ, పైపైన గీతలాగే మిగిలితే తక్కువ. మే నెలలో ఫ్యాను కింద పది నిమిషాల్లో ఆరిపోతుంది, ఫ్యాను ఆపండి. సంచిలో రాత్రంతా ఉంచాల్సి వస్తే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదంటే బూజు.

బూజు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ మామూలే. మిగిలిన తోలుని ప్లాస్టిక్‌లో చుట్టకండి, పాత నూలు దుప్పట్లో చుట్టి బీరువా పైన, గాలి ఆడే చోట పెట్టండి. మడత వద్దు, గొట్టంలా చుట్టండి. తెల్లటి బూజు కనిపిస్తే బయట దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఊళ్ళో కిర్రుచెప్పులకి ఆముదం పట్టించినట్టు పర్సుకి పట్టించొద్దు. మందపాటి చెప్పు తోలుకి అది సరిపోతుంది. పలచటి పర్సుకి జిడ్డుగా పైనే మిగిలి దుమ్ము పడుతుంది, నోట్లకి అంటుతుంది. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది) గుడ్డ కొసకి రెండు చుక్కలు, ఏడాదికి ఒకసారి చాలు.

కుట్టు మిషను కొనాలా అని చివర్లో అడిగారు. ఇంట్లో బట్టలు కుట్టే మిషను 1.2 మి.మీ. తోలు రెండు పొరలని ఒకటి రెండుసార్లు లాగుతుంది, తర్వాత టైమింగ్, అంటే సూదికీ కింది కొక్కేనికీ ఉన్న పొందిక, పోతుంది. పైగా అడుగున ఉన్న పళ్ళు తోలు మీద గీతలు పెడతాయి. తోలు మిషన్లు వేరు, నెలకి నాలుగు పర్సులకి వాటి అవసరం రాదు. సుమారు 70 బెజ్జాల పర్సు చేత్తో మొదట రెండు గంటలు పడుతుంది, పదో పర్సుకి నలభై నిమిషాలకి దిగుతుంది.